దొంతిగుట్ట మీద తెల్లరాళ్లు

సైకిలు లైట్ల గురించి నాకు తెలిసినంత పుప్పాలగూడలో ఇంకెవడికీ తెలియదని ఒకప్పుడు చెప్పుకుని తిరిగేవాణ్ని. ఇప్పుడు చెప్పుకోను. తొంభై తొమ్మిది చలికాలంలో ఒక రాత్రి నా తెలివి ఏపాటిదో నాకే తెలిసొచ్చింది. ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో తడి ఆరిపోతుంది. అయినా చెబుతాను. ఎందుకంటే ఊళ్లో ఒక్కొక్కడు ఒక్కో రకంగా చెప్పి నన్ను మొనగాణ్ని చేసి కూర్చోబెట్టాడు. నేను మొనగాణ్ని కాను, భయంతో ఒళ్లు చచ్చుబడ్డ మనిషిని. నేను చేసిందల్లా ఆ భయంలోనే చేశాను.

నా పేరు మొగిలి. ఊరి మొగదల సైకిల్ టాక్సీ నడిపేవాణ్ని. టాక్సీ అనగానే కార్లనుకునేరు, గంటల లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చే రేకుల కొట్టు అది. వెనక రెండు గదుల్లో మా సంసారం. మా కొడుకు సురేష్ బొంబాయి లైన్లో లారీ డ్రైవరు, పదిహేను రోజులకోసారి ఇల్లు చూసేవాడు. ఇంట్లో నేను, నా భార్య భాగ్యమ్మ, సురేష్ భార్య సరిత.

మాదాపూర్ దగ్గర కొత్తగా లేచిన అద్దాల బిల్డింగుల్లో ఒకదాంట్లో సరితకు హౌస్‌కీపింగ్ పని దొరికింది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. "నేల తుడిస్తే నా మొగం నాకే కనిపిస్తది మామా" అని మురిసిపోయేది. పని బాగానే ఉంది, తిరిగి రావడమే చిక్కు. ఆ వేళకు మా ఊరికి బస్సు లేదు. సైకిలు మీద రావాలంటే రెండు దార్లు. రోడ్డు దారి చుట్టూ తిరిగి వస్తుంది, దాని మీద కల్లు కాంపౌండు ఉంది, పదింటికి అక్కడ ఎట్లాంటి మనుషులుంటారో చెప్పనక్కర్లేదు. రెండోది నానక్‌రాంగూడ దాటాక దొంతిగుట్ట మీదుగా వచ్చే బాట. కుండల దొంతిలాగా బండ మీద బండ పేర్చినట్టుంటుంది కాబట్టి ఆ పేరు. బాట అంతా రాళ్లు, గుంతలు. దిగేటప్పుడు పక్కనే పాత క్వారీ, రెండు తాటిచెట్ల లోతు, అడుగున నీళ్లు.

"రాళ్లే మంచియి మామా. ఎనక పడవు, ఈలలెయ్యవు" అంది సరిత.

భాగ్యమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్లను రాత్రిపూట గుట్ట మీదికెల్లి రమ్మంటున్నవ్, నీకేమన్న బుద్ధుందా? రేపు దానికేమన్న అయితే నీ కొడుక్కు ఏమని చెప్తవ్?" అని నా మీద విరుచుకుపడింది. సరిత నా వైపు చూసింది. నేను కాదంటే పని మానేస్తుందని ఆ చూపులోనే తెలుస్తోంది. నాకు రోషం పొడుచుకొచ్చింది. "లైటు సంగతి నాకు ఇడిసిపెట్టు. దానికి రాత్రిని పగలు చేసి ఇస్త" అన్నాను. నోటికి అడ్డూ అదుపూ ఉండాలని పెద్దలు ఊరికే అనలేదు.

సైకిలు ముందే కుదిరింది. కొండాపూర్‌లో కిరాయికుండే కంప్యూటర్ కుర్రవాడు బెంగళూరు వెళ్లిపోతూ తన గేరు సైకిలు నాకు పాత ఇనుము రేటుకు ఇచ్చాడు. లావు టైర్లు, వాటికి మొసలి వీపులాగా పళ్లు. బండ మీద జారదు, గేరు మారిస్తే గుట్ట కూడా ఎక్కుతుంది. లైటు మాత్రం లేదు. దానికి ముందు డైనమో బిగించాను. ఆ పళ్ల టైరుకు ఆని తిరగాల్సిన డైనమో తల నిలబడితేగా! గడగడలాడి, ఒకసారి వెలిగి మూడుసార్లు ఆరింది. పైగా డైనమోకి పుట్టుకతోనే ఒక తెగులుంది. తొక్కితే వెలుగుతుంది, ఆగితే ఆరిపోతుంది. గుట్ట దిగే మనిషి మెల్లగా దిగాలి, మెల్లగా దిగితే దారే కనిపించదు.

అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మా సడ్డకుడు, అంటే భాగ్యమ్మ అక్క మొగుడు కొమురయ్య మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలో నెత్తికి పెట్టుకునే లైటు పాతదొకటి అతని దగ్గరుంది. మనిషిని పంపి తెప్పించాను. బ్యాటరీ నడుముకు కట్టుకోవాలి, ఇటుక బరువుంటుంది. చార్జింగ్ పెట్టించి వెలిగిస్తే మా గల్లీ గల్లీ తెల్లబడింది. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

పొద్దుగూకాక సరితను తీసుకుని గుట్ట మీదికి వెళ్లాను, పరీక్షకు. నెత్తిన లైటు పెట్టుకుని పది బారలు తొక్కిందో లేదో, ముందు చక్రం రాయికి కొట్టుకుని పడబోయి కాలు ఆనించింది.

"మామా, దీంతోని అన్నీ ఒక్క తీరుగ కనిపిస్తున్నయ్. రాయి, నేల, గుంత, అన్నీ తెల్లగనే ఉన్నయ్."

"బాయిల బొగ్గు తవ్వెటోళ్లకు కనిపిస్తది, నీకు కనిపియ్యదా?" అని కసిరాను.

"అయితే నువ్వు పెట్టుకొని నడువు."

పెట్టుకుని నడిచాను. ఐదో అడుగులో మోకాలు లోతు గుంతలో కాలు పెట్టాను. ఎదురుగానే ఉంది ఆ గుంత, నా కళ్లు దాని మీదే ఉన్నాయి, అయినా చదునుగా కనిపించింది. సరిత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆమె నా చేతిలోని మూడు సెల్లుల టార్చి తీసుకుని నేల మీద పెట్టి వెలిగించింది. అంతే. ప్రతి రాయి వెనకా పొడుగాటి నీడ పడింది. గుంతలు నల్లగా నోళ్లు తెరిచాయి. దారి ఎక్కడుందో, ఎక్కడ లేదో, ముసలివాడికి కూడా కనిపించింది.

"నీడ పడాలె మామా. కండ్ల కాడికెల్లి లైటు కొడితే నీడ రాయి ఎనకనే దాక్కుంటది. కింద ఉంటేనే బయటికొస్తది" అంది.

నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాను, నాకు తోచలేదు. నేల తుడిచే పిల్లకు తోచింది. అదీ ఎందుకో చెప్పింది తర్వాత. తుడిచిన నేల మీద మరక కనబడాలంటే నిలబడి చూడరట, వంగి పక్కనుంచి చూస్తారట. ఉడుక్కుంటూనే టార్చిని ముందు చక్రం పక్కన, ఇరుసుకు జానెడు పైన, ట్యూబు ముక్కలతో బిగించి కట్టాను. కుదుపుకు సెల్లులు ఎగిరి లైటు ఆరిపోతుంటే మూత లోపల రబ్బరు ముక్క కుక్కాను. ఆ తర్వాత ఒక్కసారీ ఆరలేదు. నా పనితనమంతా ఆ రబ్బరు ముక్కే.

కింద కట్టిన లైటుకు ఒక లోపముంది. పది పన్నెండు అడుగులకు మించి చూపించదు. దారి మలుపు తిరిగేది మలుపులోకి వచ్చాకే తెలుస్తుంది. దానికి నేను మందు కనిపెట్టాను. క్వారీల్లో రాయి కొట్టేవాళ్లకు ఒక అలవాటుంది. తెల్లవారుజామున లారీలు తప్పిపోకుండా దారి వెంట రాళ్లకు సున్నం కొట్టి పెడతారు. తెల్లరాయి పక్కనుంచి పోతే భయం లేదని లెక్క. నేనూ ఒక బకెట్ సున్నం కలుపుకుని, తలకాయంత రాళ్లు ఏరి, గుట్ట మొదలు నుంచి ఊరి దాకా ఇరవై అడుగులకొకటి పెట్టుకుంటూ వచ్చాను. గుట్ట పైన పెద్ద దొంతి దగ్గర బాట కుడికి తిరిగి బండ వెనక్కి పోతుంది. ఎడమకు తిరిగితే నేరుగా క్వారీ. అక్కడ రెండు రాళ్లు ఎక్కువ పెట్టాను.

"తెల్లరాయిని పట్టుకొని రా. తెల్లరాయి ఉన్నకాడికి బాట ఉన్నట్టే. ఇగ ఆలోచన చెయ్యకు" అని చెప్పాను.

ఇంకో మాట కూడా చెప్పాను. "గుట్ట మీద ఇంకో లైటు కనిపిస్తే నీ లైటు ఆర్పెయ్. దిగి, కదలకుండ నిలబడు. ఎవడో, ఏందో."

"అది నీ లైటయితే?"

"నాకేం పని బిడ్డా అంత రాత్రి గుట్ట మీద?"

రెండు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. పోయేటప్పుడు పగలే కాబట్టి సరిత రోడ్డు దారిన పోయేది, రాత్రి గుట్ట మీదుగా వచ్చేది. పదీ ముప్పావుకల్లా టార్చి వెలుతురు మా కొట్టు ముందు నేల మీద పాకుతూ వచ్చేది. భాగ్యమ్మ కూడా సణగడం మానేసింది. నేను మళ్లీ మీసం దువ్వడం మొదలుపెట్టాను.

ఆ రాత్రి అమాస ముందటి చీకటి. పది దాటింది. కొట్టు రేకు ఎవరో దబదబ బాదారు. తీస్తే ఒక కూలీ మనిషి, పేరు కిష్టయ్యట, పంక్చరైన సైకిలుతో నిలబడి ఉన్నాడు. కల్లు వాసన గుప్పుమంది. పొద్దున రమ్మని కసిరాను. కోకాపేట దాకా నడవలేనని బతిమాలాడు. సరే, సరిత వచ్చేదాకా ఎట్లాగూ మెలకువే కదా అని చక్రం విప్పాను.

అతని చేతులు, కాళ్లు మోకాళ్ల దాకా సున్నం.

"ఏందే, ఏ ఇంటికి సున్నం ఏసినవ్?" అన్నాను ఊరికే.

"ఇంటికా? రాళ్లకు. దొంతిగుట్ట మీద ప్లాట్లు చేస్తున్నరు గద. పొద్దుగాల్నుంచి మాపటిదాంక రెండొందల హద్దురాళ్లు పాతినం, అన్నిటికీ సున్నం కొట్టినం. రేపు పట్నంకెల్లి కొనెటోళ్లు చూడనీకె వస్తరట."

నా చేతిలో ట్యూబు ఆగిపోయింది. "ఎక్కడెక్కడ పాతిన్రు?"

"గుట్ట నెత్తి మీదికెల్లి సక్కగ కిందికి. మధ్యల క్వారీ గుంత ఉన్నది గద, దాని అంచు దాంక ఈ పక్క, మళ్ల ఆ పక్కకెల్లి మొదలు. ప్లాట్ల కాగితంల గుంత లేదటనే!" అని నవ్వాడు. "ఇంకోటి ఇను. ఎవడో పిచ్చోడు అడ్డదిడ్డంగ సున్నం రాళ్లు పెట్టి పోయిండు. మా మేస్త్రి అన్నీ ఏరి పారేపిచ్చిండు. లెక్క తప్పుతదని."

 గోడ మీద గడియారం పదీ పదిహేను చూపిస్తోంది. పదింటికి బయలుదేరిన మనిషి పదిన్నరకు గుట్ట నెత్తి మీద ఉంటుంది. ఎదురుగా తెల్లరాళ్లు కనిపిస్తాయి. తెల్లరాయి ఉన్నచోట బాట ఉన్నట్టే అని చెప్పింది ఎవరు? నేనే. ఆలోచన చెయ్యకు అని చెప్పింది ఎవరు? నేనే.

చక్రాన్ని కిష్టయ్య ఒళ్లో పడేసి నా పాత సైకిలు లాగాను. "ఏమైందయ్యా?" అని భాగ్యమ్మ లోపలి నుంచి అరిచింది. అప్పటికే పెడల్ మీద కాలు వేశాను.

నా సైకిలుకు ఉన్నది డైనమో ఒక్కటే. టార్చి సరిత సైకిలుకు కట్టాను, బాయి లైటు బ్యాటరీ ఎండిపోయి మూల పడి ఉంది. ఊరు దాటేదాకా డైనమో బాగానే వెలిగింది. గుట్ట ఎక్కుడు మొదలవగానే చక్రం మెల్లబడింది, లైటు మిణుగురు పురుగైపోయింది. వెలుగు కావాలంటే జోరుగా తొక్కాలి, జోరుగా తొక్కితే గుండె నోట్లోకి వస్తోంది. యాభై రెండేళ్లు నాకు. లేచి నిలబడి తొక్కాను. చక్రం ఎగిరి పక్కకు పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది, లేచాను. మళ్లీ తొక్కాను. "పోచమ్మ తల్లీ, మేకపోతును ఇస్త, పిల్లను గుట్ట నెత్తి మీదనే ఆపు తల్లీ" అని పైకే అంటున్నాను. పక్కన ఎవరైనా ఉంటే నిజంగానే పిచ్చోడనుకునేవారు.

బాట పక్కన నా రాళ్లు ఒక్కటీ లేవు. ఉన్నచోట చదును చేసిన మట్టి ఉంది. దాని మీద అడ్డంగా కొత్త రాళ్లు, మొలకెత్తినట్టు వరసగా. ఎంత తెల్లగా ఉన్నాయంటే, వాటిని చూస్తే అదే దారి అనిపిస్తుంది. నిజం చెప్పాలి. సంగతంతా తెలిసి వచ్చిన నేను కూడా వాటి వెంటే తొక్కుకుంటూ పోయాను. గాలి మారి, కిందనుంచి నీటి వాసన ముఖానికి తగిలాక బ్రేకు వేశాను. చక్రం ముందు నాలుగైదు అడుగుల్లో చివరి రాయి ఉంది. దాని తర్వాత ఏమీ లేదు. సైకిలు ఆగింది, లైటు ఆరింది. చీకట్లో ఆ అంచు నుంచి సైకిలును రెండడుగులు వెనక్కి లాగాను.

అప్పుడు చూశాను. గుంతకు అవతల, ఎదురుగా, గుట్ట నెత్తి మీద నేలకు ఆనుకుని ఒక లైటు కదులుతోంది. చక్రం పక్కన జానెడు పైన ఉన్న లైటు. అట్లాంటి లైటు ఈ చుట్టుపక్కల ఇంకొకరికి లేదు.

పెద్ద దొంతి దగ్గరికి వచ్చింది. ఇప్పుడు కుడికి తిరగాలి. తిరిగితే బండ వెనక్కి పోయి కాసేపు కనిపించకుండా పోవాలి. కనిపించకుండా పో బిడ్డా, పో బిడ్డా అనుకుంటున్నాను. పోలేదు. ఎడమకు తిరిగి నేరుగా నా వైపు దిగడం మొదలుపెట్టింది. రోజూ వచ్చే దానికంటే జోరుగా వస్తోంది.

"సరితా! ఆగు! ఆగు బిడ్డా!"

గొంతు చించుకుని అరిచాను. క్వారీకి ఈ పక్కన కంకర మిషను రాత్రి పూట కూడా నడుస్తుంది. దాని మోతలో నా కేక నాకే సరిగా వినిపించలేదు. చేతులూపాను. చీకట్లో ఊపితే ఏం లాభం! లైటు వస్తూనే ఉంది. మధ్యలో రెండు తాటిచెట్ల లోతు గుంత, ఆ పక్క నా కోడలు, ఈ పక్క నేను. నా చేతిలో ఆగితే ఆరిపోయే లైటు.

ఎట్లా తోచిందో తెలియదు. కొట్టులో రోజుకు పదిసార్లు చేసే పనే అది. సైకిలును బండ మీద స్టాండు వేసి ఎత్తి, హ్యాండిల్‌ను ఎదురు ఒడ్డుకు తిప్పి, పెడల్ చేత్తో పట్టుకుని తిప్పాను. బలం కొద్దీ తిప్పాను. వెనక చక్రం గిర్రున తిరిగింది, డైనమో ఊళపెట్టింది, లైటు భగ్గున వెలిగి గుంత మీదుగా అవతలికి పోయింది. తిప్పుతూనే ఆమె లైటు వైపు చూశాను.

అది ఆరిపోయింది.

పెడల్ నా చేతిలోంచి జారిపోయింది. నా లైటు కూడా మెల్లగా ఎర్రబడి ఆరింది. ఇక ఎటు చూసినా చీకటి, మిషను మోత.

ఆర్పేసిందా? పడిపోయిందా? ఇంకో లైటు కనిపిస్తే ఆర్పెయ్ అని చెప్పిందీ నేనే. ఆ మాట గుర్తుండి ఆర్పిందా, లేక టార్చితో సహా కిందికి పోయిందా? నీళ్లలో పడిన చప్పుడు ఆ మోతలో వినిపించదు. ఎదురు ఒడ్డు మీద కళ్లు చించుకుని చూశాను. తెల్లరాళ్లు కూడా కనిపించలేదు. మళ్లీ తిప్పి లైటు వేద్దామా అనుకున్నాను. వేస్తే, ఎవడో తన వెంట పడ్డాడని జడిసి వెనక్కో ముందుకో అడుగు వేస్తే? చెయ్యి పెడల్ దాకా పోయి వెనక్కొచ్చింది.

సైకిలు అక్కడే వదిలేసి గుంత చుట్టూ నడిచాను. నడిచాను అనకూడదు, పాకాను. చేతులతో ముందు తడిమి, బండ ఉందని తేలాక మోకాలు ముందుకు జరిపాను. తుమ్మ ముళ్లు దిగాయి, గోరు ఊడింది. బొంబాయి నుంచి వచ్చిన సురేష్ ముందు నిలబడి ఏం చెప్పాలి? లైటు నేనే కట్టాను, రాళ్లు నేనే పెట్టాను, దారి నేనే చెప్పాను. వాడు నన్ను ఒక్క మాటా అనడు, నాకు తెలుసు. అదే ఇంకా భయం. భాగ్యమ్మ అంటుంది. బతికినన్ని రోజులూ అంటుంది. అననీ, సరిత నిలబడి వింటే చాలు.

ఎంతసేపు పాకానో తెలియదు. చేతికి కొత్త మట్టి, దాని మీద నిలువు రాయి తగిలింది. ఆమె వచ్చిన వరస అది. లేచి నిలబడి నోరు తెరిచానో లేదో, భుజం మీద ఏదో ఫట్టున తగిలింది. కళ్లు బైర్లు కమ్మాయి. రాయి! రెండోది చెవి పక్కనుంచి బుస్సున పోయింది.

"ఎవడ్రా నువ్వు! ఇంకొక్క అడుగు ఏస్తే తల పలగ్గొడ్త! మా మామ కిందనే ఉన్నడు, ఒక్క కేకేస్తే వస్తడు!"

సరిత గొంతు! అంత తీయని తిట్టు నా జన్మలో వినలేదు.

"నేనే బిడ్డా. మొగిలిని. కొట్టకు. కదలకు. ఉన్నకాడనే ఉండు, నీ కాళ్లు మొక్కుత, కదలకు."

"మామా?"  "నువ్వా? ఆ లైటు నీదేనా? నేను సచ్చిపోయిన అనుకున్న మామా. లైటు ఆర్పి, దిగి, నువ్వు చెప్పినట్టు కదలకుండ నిలబడ్డ. చేతికి దొరికిన రాళ్లు ఏరుకున్న."

గొంతు వచ్చిన వైపు పాకి ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి మంచుగడ్డలా ఉంది. సైకిలును ఒంటికి ఆనించుకుని నిలబడి ఉంది. ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకోలేదు. చిన్నపిల్లాడిలాగా ఏడ్చాను. ఆమెకు ఏం జరిగిందో ఇంకా తెలియదు. నన్ను ఊరడించాలనుకుందో ఏమో, నవ్వు గొంతు తెచ్చుకుంది.

"ఎందుకు మామా గంత పరేషాన్? ఇయ్యాల దారి మంచిగుండె. ఎన్ని రాళ్లు పెట్టినవ్! రోజూ ఇరవై అడుగులకొకటి ఉండేది, ఇయ్యాల నాలుగడుగులకొకటి. నా మీద మామకు ఫికర్ ఎక్కువైంది, పొద్దంత ఎండల కూసొని సున్నం ఏసిండు అనుకున్న. అందుకే భయం లేకుండ జోరుగ తొక్కిన."

 ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"దెబ్బ గట్టిగ తాకిందా? ఏదీ, చూడనీ" అంటూ వంగి టార్చి మీట నొక్కింది.

లైటు వెలిగింది. ముందు చక్రం పక్కన ఒక తెల్లరాయి, దాని వెనక పొడుగాటి నీడ. ఆ నీడ రెండు అడుగుల దూరం నేల మీద పోయి తెగిపోయింది. అక్కడి నుంచి వెలుతురు పడటానికి నేల లేదు.

సరిత అటు చూసింది. తర్వాత నా వైపు చూసింది.  బ్రేకులు పట్టుకున్న చెయ్యి వదలకుండానే మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను.

కంకర మిషను ఆగాక లేచాం. టార్చిని సైకిలు నుంచి విప్పి ఆమె చేతిలో పెట్టాను. నేలకు ఆనించి పట్టుకుని, రాయి నీడా గుంత నీడా చూసుకుంటూ ఆమె ముందు నడిచింది. నేను ఆమె సైకిలు నెట్టుకుంటూ ఆ వెలుతురు వెనకే నడిచాను. దారి పొడుగునా ఒక్క తెల్లరాయి వైపు కూడా చూడలేదు.